అరటిపండు వాసన వచ్చిందంటే

నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఈగల డాక్టర్" అని చెప్పేది. ఈగలకు కూడా దవాఖాన ఉంటుందా అని వాళ్లు నోరు తెరిస్తే, ఇంకేమీ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయేది. నిజానికి నేను చేసింది తేనెటీగల మెదడు మీద పరిశోధన. రాజేంద్రనగర్ వైపు ఒక సంస్థలో చేరి, అక్కడే తల నెరిసి, పోయిన ఏడాది రిటైరయ్యాను. పుట్టి పెరిగింది శంషాబాద్ పక్కన ఒక వ్యవసాయ కుటుంబంలో. మా పొలం ఉన్నచోట ఇప్పుడు విమానాల సరుకు దాచే గోదాములు ఉన్నాయి.

ఈ మధ్య ఎమ్మెస్సీ చదివే అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చారు. ఈ రంగంలోకి రావాలనుంది, ఏమైనా చెప్పండి మేడం అన్నారు. ఏ పరీక్ష రాయాలో, ఏ సంస్థలో సీటు దొరుకుతుందో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. తెలియనిది ఒకటుంది. ఈ పనిలో నాకు ఎక్కువ కాలం తోడున్నది భయం. దాని గురించి మా సెమినార్లలో ఎవరూ మాట్లాడరు. అందుకే రాస్తున్నాను.

గాజు సూది, చిన్న శబ్దం

ముందు పనేమిటో చెప్పాలి. తేనెటీగను కాసేపు మంచు మీద పెడితే కదలడం మానేస్తుంది. అప్పుడు దాన్ని చిన్న గొట్టంలోకి దింపి, తల మాత్రం బయటకు ఉండేలా మైనంతో బిగిస్తాం. తల మీది పెంకును గోరులో పదోవంతు కూడా లేనంత కోసి, మెదడులోకి వెంట్రుక కన్నా సన్నటి గాజు సూదిని దింపుతాం. ఏదైనా నాడీకణం దొరికితే స్పీకరులోంచి టకటకా శబ్దం వస్తుంది. ఒక వాసన చూపితే ఆ శబ్దం వేగం పెరుగుతుంది, ఇంకోటి చూపితే తగ్గుతుంది. ఆ శబ్దం మొదటిసారి విన్న రోజు నేను మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయాను.

నేను ఏళ్ల తరబడి చూసిన వాసన ఒకటే. తేనెటీగ కుట్టినప్పుడు దాని ముల్లు మన ఒంట్లో ఉండిపోతుంది. ఆ ముల్లు దగ్గర్నుంచి బాగా మాగిన అరటిపండు వాసన వస్తుంది. మిగతా ఈగలకు అది పిలుపు. ఇక్కడ కుట్టండి అని. ఆ వాసన తగిలిన ఈగ కొంతసేపటి దాకా తీపి నీళ్లు చూపినా నాలుక చాచదు. అంతకుముందు ఇష్టంగా తాగిన నీళ్లే. మంచిదేదీ నమ్మని కాలం ఒకటి గడవాలి. ఆ కాలంలో దాని మెదడులో ఏం జరుగుతుందన్నది నా ప్రశ్న.

మా ప్రొఫెసర్ మూర్తి గారు గోదావరి జిల్లా మనిషి. నా మొదటి వ్యాసం చేతిలో పట్టుకుని, ఒక మాట కింద గీత గీసి, "ఇక్కడ భయం అని రాశారు. తీసేయండమ్మా" అన్నారు.

"మరేం రాయమంటారు సార్?"

"ఈగ ఏం చేసిందో అది రాయండి. నాలుక చాచలేదు. అంతే. దాని లోపల ఏముందో మీకు తెలుసా?"

తెలియదన్నాను.

"తెలియనిది రాయకపోవడమే మన ఉద్యోగం" అన్నారాయన. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఇదే గట్టిది. మీకూ ఇదే చెబుతాను. కీటకం ఏం చేసిందో చూడండి, ఎందుకు చేసిందో తొందరపడి చెప్పకండి. ఆయనకు ఇంకో నియమం ఉండేది. ఈగల దగ్గర ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు. ఆ నియమం వల్లే ఈ రోజు ఇది రాస్తున్నాను.

కొత్వాల్‌గూడ

ప్రయోగశాలలో వాడేది పెట్టెల్లో పెంచే చిన్న ఈగలను. కొండ తేనెటీగలు వేరు. పెద్ద భవనాలకూ నీళ్ల ట్యాంకులకూ కింద చేటంత తేనెపట్టు పెట్టి, గుంపంతా దాని మీద పరుచుకుని వేలాడుతుంటాయి. కందిరీగ దగ్గరికొస్తే వేలాది ఈగలు ఒక్కసారిగా తోకలెత్తుతాయి. ఆ పట్టు మీద ఒక అల పాకినట్టు కనిపిస్తుంది. ఆ అల ఎక్కడ మొదలవుతుందో కెమెరాలో పట్టుకోవాలని కొత్వాల్‌గూడ శివార్లలో ఒక నీళ్ల ట్యాంకు దగ్గరికి నేనూ, మా టెక్నీషియన్ నర్సింహా వెళ్లేవాళ్లం.

ఒక పొద్దున తేనె తినే గద్ద ఒకటి వచ్చి పట్టును తన్నింది. ముక్క ఊడి కింద పడింది. గద్ద ఎగిరిపోయింది. ట్యాంకు కింద కదులుతున్నది మేమిద్దరమే.

మొదట ఈగల మోత మారింది. ఆ తర్వాత నుదుటి మీద రాయి తగిలినట్టయింది. అరటిపండు వాసన వచ్చింది. నాకు ఆ వాసన రసాయనం పేరు తెలుసు, అది ఏ నాడీకణాన్ని తాకుతుందో తెలుసు. ఆ క్షణంలో తెలిసింది మాత్రం నా ముఖమంతా దాన్ని పూసుకుని నిలబడ్డానని.

పరుగెత్తాం. పక్క పొలంలో పనిచేస్తున్న ఒకామె మోటారు గది తలుపు తీసి, "లోపటికి రాన్రి, జల్ది" అని మమ్మల్ని లాగి తలుపేసింది. ఆమె పేరు లచ్చమ్మ. చీకట్లో నా మీద గొంగడి కప్పి, "మొకం దాచుకో బిడ్డా, చేతులాడియ్యకు" అంటూ జుట్టులో చిక్కిన ఈగల్ని గొంగడితోనే నలిపింది. బయట రేకు తలుపుకు ఈగలు కొట్టుకుంటున్న చప్పుడు వడగళ్ల వానలా ఉంది. నర్సింహ గోరుతో నా మెడ మీది ముళ్లు ఒక్కొక్కటే గీకాడు.

ముఖం వాచి, జ్వరమొచ్చి, వారంలో తగ్గింది. మళ్లీ పనిలోకి వెళ్లాను. అందరూ నాకు ధైర్యమెక్కువన్నారు. అసలు భయపడాల్సింది ఇంకా రాలేదని అప్పటికి నాకు తెలియదు.

ఒకే ఒక్క ఈగ

కొన్ని నెలల తర్వాత ప్రయోగశాలలో, మంచు మీంచి తీసిన ఈగ ఒకటి అనుకున్నదానికన్నా ముందే లేచి నా మణికట్టు మీద కుట్టింది. చిన్న ఈగ. అలాంటివి అంతకుముందు లెక్కలేనన్ని కుట్టాయి. ముల్లు గీకేసి మళ్లీ సూక్ష్మదర్శిని దగ్గర కూర్చున్నాను.

అరచేతులు దురద పెట్టాయి. తర్వాత అరికాళ్లు. నాలుక నోట్లో పట్టనంత మందంగా అనిపించింది. నర్సింహను పిలుద్దామంటే గొంతులోంచి పిల్లి గొంతులాంటిది వచ్చింది. అతను తిరిగి చూశాడు.

"మేడం, ఏమైంది? పెదాలు గట్లయినయేంది?"

ఆ తర్వాత నేల మాత్రమే గుర్తుంది. చల్లగా, చెంపకు ఆనుకుని. నా మీద వంగిన నర్సింహ ముఖం దూరం వెళ్లిపోతోంది. ఊపిరి లోపలికి పోవడం లేదు. చనిపోతున్నానన్న ఆలోచన కూడా మాటల్లో రాలేదు. ఒళ్లంతా ఒక్కటే భయమై ఉంది. అలాంటి భయాన్ని నేను అంతకుముందు ఎరగను.

నర్సింహ జీపులో వేసుకుని బుద్వేల్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాడట. తొడకు అడ్రినలిన్ సూది వేశారు. కాసేపటికి ప్రపంచం తిరిగొచ్చింది. డాక్టరు మెత్తగానే చెప్పాడు. "అన్ని కుట్లు ఒకేసారి పడ్డయి కదా, అప్పట్నుంచి మీ ఒళ్లు ఆ విషాన్ని గుర్తు పెట్టుకున్నదమ్మా. ఇగ ఒక్కటి కుట్టినా గిట్లనే కావొచ్చు. జర ఆలస్యమైతే మేం కూడ ఏం చెయ్యలేం. మీరు ఏం పని చేస్తరు?"

చెప్పాను. అతను పెన్ను కింద పెట్టి నా వైపు చూశాడు.

సాయంత్రం మూర్తి గారు వచ్చారు. మంచం పక్కన కూర్చుని, "మీకు పండ్ల ఈగలు ఇస్తాను. అవి కుట్టవు. మంచి ప్రశ్నలు వాటిలోనూ ఉన్నాయి" అన్నారు. బ్యాంకులో పనిచేసే మా ఆయనయితే గోడకు ఆనుకుని నిలబడి ఒకే మాటన్నాడు. "నువ్వు పొద్దున పోతవు. నువ్వొచ్చేదాక నేను బ్యాంకుల ఫోన్ చూసుకుంట కూసుంట. గంతే గద."

వాళ్లిద్దరిదీ సబబైన మాట. నేను వినలేదు. ధైర్యం వల్ల ఉండిపోయానని తర్వాత చాలామంది రాశారు, వేదికల మీద చెప్పారు. అది నిజం కాదు. పండ్ల ఈగలతో మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. వాటి మీద పనిచేసేవాళ్లలో నన్నెవరూ ఎరగరు. పేరు లేకుండా పోతానన్న భయం కుట్టించుకునే భయం కన్నా పెద్దదయింది, అంతే. మీరూ ఏదో ఒక రోజు ఇలాంటి నిర్ణయం చేస్తారు. చేసినప్పుడు దానికి మంచి పేరు పెట్టుకోకండి.

దానితో బతకడం

ఆ తర్వాతి ఏళ్లలో నా సంచిలో ఒక కళ్లద్దాల డబ్బా ఉండేది. అందులో అడ్రినలిన్ ఉన్న చిన్న గాజు సీసా, సిరంజి. ముందే నింపి ఉంచిన సూదులు మా దగ్గర సులభంగా దొరకవు. సీసా మెడ విరిచి, మందు లాగి, తొడలో పొడవాలి. అది ఎలా చేయాలో నాతో పనిచేసే ప్రతివాళ్లకూ డాక్టరు దగ్గర నేర్పించాను.

పొద్దున ప్రయోగశాల తలుపు గొళ్లెం మీద చేయి వేసి, లోపలి మోత ఎంతుందో చెవి పెట్టి వినేదాన్ని. లోపలికి వెళ్లాక భయం తగ్గేది. కొన్నిసార్లు తగ్గేది కాదు. ఒకసారి క్యాంటీన్‌లో ఎవరో టిఫిన్ డబ్బాలోంచి మాగిన అరటిపండు తీస్తే, కంచం వదిలేసి మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాను. ఎందుకొచ్చానో నాకే అర్థం కాలేదు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. లేచి వచ్చిన దానికి కారణం అడుగుతారేమోనని మూడు రోజులు క్యాంటీన్‌కు పోలేదు.

భయం మనిషికి జాగ్రత్త నేర్పుతుందంటారు. సగం నిజం. నేను తలుపుల మీద జాలీలు వేయించాను, మంచు మీది ఈగల్ని పట్టకారుతో రెండుసార్లు కదిపి చూశాకే ముట్టుకున్నాను. వాటి వల్ల నా దగ్గర చదివిన పిల్లలెవరికీ ప్రమాదం జరగలేదు. కాని భయపడ్డ కళ్లు చూడాల్సినవి చూడవు. ఏ ఈగ ఎగిరినా నా మీదికే వస్తున్నట్టుండేది. అది కిటికీ వెలుతురు వైపు పోతోందని పక్కనున్న పిల్ల చెబితే గాని నాకు కనిపించేది కాదు. అందుకే పరిశీలన రాసేటప్పుడు ఇద్దరి కళ్లూ ఉండాలని పట్టుపట్టాను. మీరు భయస్తులైతే సిగ్గుపడకండి. మీ కళ్లను మాత్రం ఒంటరిగా నమ్మకండి.

శంషాబాద్ అద్దాల భవనం

రిటైర్మెంటుకు కొన్ని నెలల ముందు, విమానాశ్రయం రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక అద్దాల భవనానికి పై అంతస్తులో కొండ తేనెటీగలు పట్టు పెట్టాయి. సైట్ సూపర్‌వైజర్ మహిపాల్ నన్ను వెతుక్కుంటూ ఫోన్ చేశాడు. కాలబెడదామనుకుంటున్నామన్నాడు. పూత కాలం అయిపోగానే అవే వెళ్లిపోతాయి, అప్పటిదాకా ఆ వైపు పని ఆపమన్నాను. ఒప్పుకున్నాడు. నా చివరి విద్యార్థిని హరితకు ఆ పట్టు మంచి అవకాశం. పాలమూరు పిల్ల, నెమ్మదైన మనిషి. కాంపౌండు గోడ దగ్గర కెమెరా పెట్టి ఆ అలలు చూస్తుండేది. విమానాలు నెత్తి మీదుగా దిగుతుంటే నేల అదిరేది. ఈగలు పట్టించుకునేవి కావు.

ఒక మధ్యాహ్నం మేం వెళ్లేసరికి భవనం పై నుంచి తాడు వేలాడుతోంది. తాడు మీద ఒక మనిషి, చేతిలో అద్దాలు కడిగే పైపు. మహిపాల్ దగ్గరికి వెళ్లాను.

"ఆయన్ని దించున్రి" అన్నాను.

"అటు పోడు మేడం. ఈ పక్క అద్దాలే కడుగుతడు."

"గాలికి తాడు అటే పోతది. కదిలేదాని మీదికే వస్తయి అవి."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రేపు పెద్దోళ్లు చూడనీకి వస్తున్నరు. అద్దాలు గిట్లనే ఉంటె నా నౌకరి పోతది. నన్నేం చెయ్యమంటరు?"

"ముందు దించున్రి. పెద్దోళ్లతోని నేను మాట్లాడుత" అన్నాను. అతను జేబులోంచి వాకీటాకీ తీశాడు. అందులో ఏదో చెబుతుండగానే మోత మారింది.

హరిత కెమెరా వదిలేసి నా చేయి పట్టుకుని కారు వైపు లాగింది. నేను స్టీరింగు ముందు, ఆమె వెనక ఎక్కి అద్దాలు బిగించుకున్నాం. మహిపాల్ గేటు వైపు పరుగెత్తాడు. తాడు మీది మనిషి వేగంగా జారుతూ దిగుతున్నాడు. అతని చుట్టూ గోధుమరంగు పొగలాంటిది. నేలకు దిగి, నడుముకున్న కొక్కెం విప్పుకుని పరుగెత్తాడు. ఆవరణలో ఉన్న కారు మాదొక్కటే. వచ్చి రెండు చేతులతో అద్దం మీద కొట్టాడు.

"తలుపు తియ్యిన్రి. మేడం, తలుపు తియ్యిన్రి."

నా చేయి లేవలేదు. అతని చొక్కా నిండా ఈగలు. ఒక్కటి చాలు నాకు. ఇది నేను దాచను. తలుపు తీసింది హరిత. అతన్ని వెనక సీట్లోకి లాగి తలుపేసింది. అతనితో పాటే ఆ వాసన కారంతా నిండింది.

నేను కారు తీశాను. గేటు దాటాక అద్దాలు దించాను. కొన్ని ఈగలు గాలికి బయటకు పోయాయి. హరిత చున్నీ చేతికి చుట్టుకుని అతని మెడ మీదివి నలుపుతోంది, ముళ్లు గీకుతోంది. అతని పేరు శ్రీశైలం అని, ఊరు తుక్కుగూడ అని ఆమె అడిగితే చెప్పాడు. ఆ రెండో మాట చెబుతున్నప్పుడు గొంతు మారింది. నాకు ఆ గొంతు తెలుసు.

"నాలుక మందమైతుందా?" అని అడిగాను.

"దమ్ము... ఆడ్తలేదు మేడం."

"హరితా, నా సంచి తియ్యి. కళ్లద్దాల డబ్బా."

ఆమె తీసింది. ఆగింది. "మేడం, ఇది మీది. ఇంకోటి ఆఫీసుల ఉంది."

"తెలుసు. ఆయనకు వెయ్యి."

"మీకు కుడితె?"

"అప్పుడు చూద్దం. ముందు ఆయనకు వెయ్యి."

సీసా మెడ విరిగిన చిన్న చప్పుడు వినిపించింది. అదే సమయానికి ముందు అద్దం లోపలి వైపు ఒక ఈగ పాకుతూ కనిపించింది. నా కళ్లకు మూరెడు దూరంలో. పట్టుకు దూరంగా ఉన్న ఈగ వెలుతురు వెతుక్కుంటుందే గాని మనిషిని వెతుక్కోదు. ఈ మాట నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో. ఆ ఈగ అద్దం దిగి స్టీరింగు మీదికి వచ్చింది. అక్కణ్నుంచి నా కుర్తా చేతి మీదికి. నేను చేయి కదపకుండా సర్వీసు రోడ్డు మీద కారు నడుపుతున్నాను. వెనక శ్రీశైలం ఊపిరి గరగరలాడుతోంది. ముందు ఒక లారీ. హారన్ కొట్టాలంటే చేయి కదపాలి. కొట్టలేదు. ఒక మలుపులో ఈగ కనబడకుండా పోయింది. ఎక్కడికి పోయిందో తెలియకపోవడం, కనిపించినప్పటి కన్నా ఘోరం. మెడ మీద ప్రతి వెంట్రుకా ఈగే అనిపించింది.

దవాఖాన ముందు ఆపాను. వాళ్లు శ్రీశైలాన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. నేను కారు దిగలేకపోయాను. హరిత తిరిగొచ్చి నా జుట్టు, కాలరు, చున్నీ మడతలు అన్నీ వెతికి, "లేదు మేడం. ఏం లేదు" అని చెప్పాక కూడా స్టీరింగు వదలలేదు. ఆమే నా వేళ్లు ఒక్కొక్కటి విప్పింది.

శ్రీశైలం బతికాడు. అంత విషం ఎక్కింది కాబట్టి మూత్రపిండాలు దెబ్బతింటాయేమోనని కొన్నాళ్లు ఉంచుకుని పంపారు. ఆ వారంలోనే మహిపాల్ ఫోన్ చేశాడు. "మేడం, ఆ తేనెతుట్టెను కాలవెట్టించిన్రు. మీకు చెప్పాలె గదా అని." నా జీవితమంతా ఆ ఈగల మీద గడిచింది. ఆ మాట విన్నప్పుడు నాకు హాయిగా ఊపిరి ఆడింది. దుఃఖం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, హరిత కెమెరాలోని పాత అలలు చూస్తున్నప్పుడు.

తుక్కుగూడలో

శ్రీశైలం ఇంటికొచ్చాక ఒక ఆదివారం వెళ్లాను. చూసి రావడానికే కాదు, చెప్పాల్సింది ఉంది. అతని ఒళ్లు కూడా ఇక ఆ విషాన్ని మరిచిపోకపోవచ్చు. దవాఖానలో డాక్టరు చెప్పే ఉంటాడు, కాని భయపడ్డ మనుషుల చెవికి అలాంటివి ఎక్కవు. అందుకని డాక్టరు చీటీతో కొన్న మందు సీసాలు, సిరంజిలు, నేర్చుకోవడానికి ఉత్తి నీళ్ల సీసాలు కొన్ని తీసుకెళ్లాను.

రేకుల వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాపు తగ్గింది. చెంప మీద నల్లటి మచ్చలు మిగిలాయి. భార్య అనసూయ చాయ్ ఇచ్చి, నేను చెప్పిందంతా నిలబడే విన్నది.

"అంటె మల్ల ఒక్కటి కుట్టినా గట్లనే అయితదా అక్కా?"

"కావొచ్చు. కాకపోవచ్చు. అయితదనే అనుకుని ఉండాలె."

ఆమె నా పక్కన కూర్చుంది. నేను నీళ్ల సీసా మెడకు గుడ్డ చుట్టి విరిచి చూపించాను. మందు లాగడం, గాలి బుడగ పోనివ్వడం, తొడ మీద ఎక్కడ పొడవాలో చూపించాను. తర్వాత ఆమె చేతికిచ్చాను. మొదటి సీసా చితికిపోయింది. వేలు తెగింది. ఆమె కొంగుతో తుడుచుకుంది.

శ్రీశైలం అంతసేపూ పైన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"మేడం, ఒకటి అడుగుత" అన్నాడు. "ఈ బుగులు ఎన్నొద్దులుంటది? ఫ్యాను తిరిగినా లేచి కూసుంటున్న. చిన్న పోరగానోలె అయిపోయిన."

ఆ భయం కొన్నాళ్లలో పోతుంది అని చెబితే ఆ ఇంట్లో అందరికీ ఊరటగా ఉండేది. అనసూయ కూడా ఆ మాటే చెప్పమన్నట్టు నా వైపు చూసింది.

"నాకు ఇంతవరకు పోలే శ్రీశైలం" అన్నాను. "ఆ రోజు దవాఖాన ముందల స్టీరింగు మీంచి నా వేళ్లు హరితనే ఇప్పింది. ఉంటది. కొన్ని రోజులు తక్కువ, కొన్ని రోజులు ఎక్కువ. ఉన్నా అన్నం తింటం, పనికి పోతం."

అతను గోడకు జారబడి, కాళ్లు చాపుకున్నాడు.

"నా ఒక్కనికే గిట్లయితుందనుకున్న" అన్నాడు.

అనసూయ అతని వైపు చూసింది. కొంగు వేలికి బిగించి చుట్టుకుని, ఇంకో నీళ్ల సీసా నా ఒడిలోంచి తనే తీసుకుంది.

"ఇంకోపారి చూపియ్యి అక్కా" అన్నది. "ఈసారి ఇరిచేది నేనే."